కంట్రోల్ సీ నొక్కితే సీ ప్రోగ్రామ్ ఎలా ఆగాలి? ఏ పద్ధతి ఎప్పుడు వాడాలి?

సీలో కంట్రోల్ సీని పట్టుకోవడం గురించి అడిగేవాళ్ల ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: సిగ్నల్ ఫంక్షన్ వాడాలా, సిగ్యాక్షన్ వాడాలా? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు: సిగ్యాక్షన్. కానీ అది తెలిసినంత మాత్రాన ప్రోగ్రామ్ సరిగ్గా ఆగదు. అసలు ఎంపిక ఆ తర్వాతే మొదలవుతుంది. మీ ప్రోగ్రామ్ ఎక్కువ సమయం ఏం చేస్తూ ఉంటుంది? లెక్కలు వేస్తుందా? కీబోర్డు నుంచి ఒక లైను కోసం ఎదురుచూస్తుందా? పదుల కొద్దీ సాకెట్లను ఒకేసారి కనిపెట్టుకుని ఉంటుందా? నాలుగైదు థ్రెడ్లు నడుపుతుందా? మీటలు నొక్కిన క్షణంలో ప్రోగ్రామ్ ఎక్కడ ఉంటుందన్న దాన్ని బట్టే పద్ధతి ఎంచుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా లైనక్స్, ఇతర యూనిక్స్ సిస్టమ్‌ల గురించి. విండోస్ మాట చివర్లో కొంచెం వస్తుంది.

ముందు తెర వెనక ఏం జరుగుతుందో చూద్దాం. కంట్రోల్ సీ నొక్కితే టెర్మినల్‌కు వెళ్లేది విలువ 3 ఉన్న ఒక బైటు మాత్రమే. కెర్నల్‌లోని టెర్మినల్ డ్రైవర్ దాన్ని చూసి, ఆ టెర్మినల్‌లో ముందువరుసలో నడుస్తున్న ప్రాసెస్ గ్రూపు మొత్తానికి సిగ్‌ఇంట్ అనే సిగ్నల్‌ను, అంటే ఆగమని చెప్పే కబురును, పంపుతుంది. మొత్తానికి అన్న మాట గుర్తుపెట్టుకోండి. మీరు రెండు ప్రోగ్రామ్‌లను పైపుతో కలిపి నడుపుతుంటే రెండింటికీ వెళ్తుంది. మీ ప్రోగ్రామ్ ఒక చైల్డ్ ప్రాసెస్‌ను నడుపుతుంటే, దాని గ్రూపు మార్చనంత వరకు, దానికీ వెళ్తుంది. కాబట్టి సిగ్నల్ అందగానే చైల్డ్‌కు మళ్లీ మీరే పంపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు.

అసలు పట్టుకోవాలా?

సిగ్‌ఇంట్ వస్తే ఏమీ రాయని ప్రోగ్రామ్ చచ్చిపోతుంది. చాలా ప్రోగ్రామ్‌లకు ఇదే సరైన ప్రవర్తన. మెమరీని, తెరిచిన ఫైళ్లను, సాకెట్లను, ఫైలు లాకులను ప్రాసెస్ పోగానే కెర్నలే విడిపించుకుంటుంది. ఫ్రీ చేయలేదే అని హ్యాండ్లర్ (సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్) రాయనక్కర్లేదు. మిగిలిపోయేవి కొన్నే: టెంపరరీ ఫైళ్లు, సగం రాసిన అవుట్‌పుట్, ప్రింట్‌ఎఫ్ బఫర్‌లో ఉండి ఇంకా బయటికి రాని అక్షరాలు, షేర్డ్ మెమరీ, మార్చి వదిలేసిన టెర్మినల్ సెట్టింగులు.

ఇందులో సగం రాసిన ఫైలు సమస్యకు హ్యాండ్లర్ కన్నా మంచి మందు ఉంది. కొత్త డేటాను వేరే పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డిస్క్ మీదికి చేరేలా చూసి), అంతా పూర్తయ్యాక రీనేమ్‌తో పాత ఫైలు స్థానంలో పెట్టండి. అప్పుడు కంట్రోల్ సీ వచ్చినా, కరెంటు పోయినా, ఎవరికీ చిక్కని సిగ్‌కిల్ వచ్చినా పాత ఫైలైనా పూర్తిగా ఉంటుంది, కొత్తదైనా పూర్తిగా ఉంటుంది. సిగ్‌ఇంట్‌ను పట్టుకుని సర్దుకునే ప్రోగ్రామ్ కరెంటు పోతే ఏం చేస్తుందని మొదట ఆలోచించండి. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే చాలాసార్లు హ్యాండ్లర్ అవసరమే తీరిపోతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కంటైనర్‌లో మీ ప్రోగ్రామ్ ఒకటో నంబరు ప్రాసెస్‌గా నడిస్తే, హ్యాండ్లర్ లేని సిగ్‌ఇంట్, సిగ్‌టర్మ్ (బయటి నుంచి ఆగమని అడిగే సిగ్నల్) దాన్ని చంపవు. కంటైనర్ లోపల ఆ ప్రాసెస్‌కు కెర్నల్ ఇచ్చే ప్రత్యేక రక్షణ అది. డాకర్ స్టాప్ సిగ్‌టర్మ్ పంపి, మామూలుగా 10 సెకన్లు ఆగి, అప్పటికీ ప్రోగ్రామ్ కదలకపోతే సిగ్‌కిల్ పంపుతుంది. మీ సర్వర్ ఆపిన ప్రతిసారీ కచ్చితంగా పది సెకన్లు పడుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

సిగ్నల్, సిగ్యాక్షన్ మధ్య తేడా

కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబుకు నేర్పే ఉదాహరణ తరచూ సిగ్నల్ ఫంక్షన్‌తోనే ఉంటుంది, ఎందుకంటే ఒకే లైను. దాని తంటా చరిత్రలోనే ఉంది. పాత సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌లో హ్యాండ్లర్ ఒకసారి నడవగానే సిగ్నల్ మళ్లీ డిఫాల్ట్‌కు పోయేది, రెండోసారి నొక్కితే ప్రోగ్రామ్ చచ్చేది. బర్కిలీ యూనిక్స్‌లో హ్యాండ్లర్ అలాగే నిలిచి ఉండేది, పైగా మధ్యలో ఆగిన సిస్టమ్ కాల్ తనంతట తానే మళ్లీ మొదలయ్యేది. 1989 నాటి సీ ప్రమాణం ఈ రెండింటిలో ఏది సరైనదో చెప్పకుండా వదిలేసింది.

ఇది పాత గొడవ కదా అనుకోవద్దు, ఇవాళ్టి జీసీసీ కంపైలర్‌లోనూ కనిపిస్తుంది. లైనక్స్‌లో మామూలుగా కంపైల్ చేస్తే సిగ్నల్ ఫంక్షన్ బర్కిలీ పద్ధతిలో నడుస్తుంది. అదే ఫైలును ఖచ్చితమైన సీ99 ఆప్షన్‌తో కంపైల్ చేస్తే, వేరే ఫీచర్ మాక్రో ఏదీ ఇవ్వకపోతే, జీలిబ్‌సీ (లైనక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ) సిస్టమ్ ఫైవ్ పద్ధతిని ఇస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా ప్రవర్తన మారుతుంది. పైగా థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌లో సిగ్నల్ ఫంక్షన్ వాడితే ఏం జరుగుతుందో చెప్పలేమని సీ11 ప్రమాణమే అంటుంది. అందుకే దాన్ని రెండు పనులకే ఉంచుకోండి: ఒక సిగ్నల్‌ను పట్టించుకోవద్దని చెప్పడానికి, మళ్లీ డిఫాల్ట్‌కు తెచ్చుకోవడానికి.

సిగ్యాక్షన్‌లో నాలుగు లైన్లు ఎక్కువ రాయాలి, కానీ ఏం కావాలో మీరే చెబుతారు. హ్యాండ్లర్ నడుస్తుండగా ఏ సిగ్నళ్లు ఆగి ఉండాలో మాస్క్‌లో, మిగతా ప్రవర్తన ఫ్లాగుల్లో. ఫ్లాగుల్లో రెండు మనకు ముఖ్యం. ఎస్‌ఏ రీస్టార్ట్ పెడితే మధ్యలో ఆగిన రీడ్ లాంటి కాల్స్ మళ్లీ మొదలవుతాయి. ఎస్‌ఏ రీసెట్‌హ్యాండ్ పెడితే హ్యాండ్లర్ ఒక్కసారే పనిచేస్తుంది, రెండో కంట్రోల్ సీ ప్రోగ్రామ్‌ను నేరుగా చంపుతుంది. స్ట్రక్చర్‌ను ముందు సున్నాలతో నింపి, మాస్క్‌ను సిగ్‌ఎంప్టీసెట్‌తో ఖాళీ చేయడం మరవకండి.

హ్యాండ్లర్‌లో ఏం రాయాలి

దాదాపు ఏమీ రాయకూడదు. ఏ పద్ధతి ఎంచుకున్నా ఇది మారదు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

సిగ్నల్ మీ ప్రోగ్రామ్‌ను ఏ రెండు మెషీన్ ఇన్‌స్ట్రక్షన్ల మధ్యనైనా ఆపగలదు. మెయిన్ అప్పుడే మాలోక్ (మెమరీ కేటాయించే ఫంక్షన్) లోపల ఉండి, మెమరీ జాబితా లాకు పట్టుకుని ఉందనుకోండి. అదే క్షణంలో నడిచిన హ్యాండ్లర్ కూడా మాలోక్ పిలిచిందనుకోండి. లాకు వదలాల్సిన మెయిన్ హ్యాండ్లర్ పూర్తయితే గానీ కదలదు, హ్యాండ్లర్ లాకు దొరికితే గానీ పూర్తవదు. తాళంచెవి ఇంట్లోనే పెట్టి బయట తాళం వేసుకున్నట్టే. ప్రింట్‌ఎఫ్ దగ్గరా ఇదే ప్రమాదం. ఎగ్జిట్ ఫంక్షన్ దగ్గరా ఇదే, ఎందుకంటే అది ప్రాణం వదిలే ముందు బఫర్లు ఖాళీ చేస్తుంది, ఎట్‌ఎగ్జిట్‌లో పెట్టినవన్నీ పిలుస్తుంది. వెయ్యిసార్లు నొక్కినా ఏమీ కాకపోవచ్చు, అందుకే టెస్టింగ్‌లో ఇది దొరకదు.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే భయం కాదని 2024 జులైలో అందరికీ తెలిసింది. క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ఒక లోపం బయటపెట్టారు. లాగిన్‌కు ఇచ్చిన గడువు ముగియగానే వచ్చే సిగ్‌అలార్మ్‌కు ఆ సర్వర్ హ్యాండ్లర్ సిస్‌లాగ్ అనే లాగ్ రాసే ఫంక్షన్‌ను పిలిచేది. జీలిబ్‌సీలో సిస్‌లాగ్ లోపల మెమరీ కేటాయింపు జరుగుతుంది. ఆ సందులోంచి, పాస్‌వర్డ్ ఏదీ లేకుండానే, దూరం నుంచి రూట్ హక్కులతో కోడ్ నడపవచ్చని వాళ్లు చూపించారు. 2006లో ఒకసారి సరిచేసిన లోపమే 8.5 వెర్షన్‌లో తిరిగి వచ్చింది, 9.8లో మళ్లీ సరిచేశారు. భద్రత కోసం ఇంత జాగ్రత్తగా రాసే ప్రాజెక్టులోనే హ్యాండ్లర్‌లోని ఒక్క పిలుపు ఇంత పని చేసింది.

కాబట్టి హ్యాండ్లర్‌లో రెండే పనులు: వోలటైల్ సిగ్ అటామిక్ టీ రకం వేరియబుల్‌కు 1 ఇవ్వడం, లేదా రైట్ కాల్‌తో ఒక బైటు పంపడం. రైట్ పిలిస్తే ఎర్నో (చివరి ఎర్రర్ నంబరు ఉండే వేరియబుల్) విలువను ముందు దాచి, వెళ్లేముందు తిరిగి పెట్టండి. లేకపోతే మెయిన్‌లో ఎక్కడో అప్పుడే చూడబోయిన ఎర్రర్ విలువ చెరిగిపోతుంది. వెంటనే చచ్చిపోవాలంటే అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎగ్జిట్ వాడవచ్చు, అది సురక్షితం. ఎన్నిసార్లు నొక్కారో హ్యాండ్లర్‌లో లెక్కపెట్టి దాని మీద ఆధారపడవద్దు. ఇంకా అందని ఒకే రకం సిగ్నళ్లు కలిసి ఒకటైపోతాయి.

లెక్కలు వేసే ప్రోగ్రామ్

సిమ్యులేషన్, పెద్ద ఫైలు ప్రాసెసింగ్, ప్రధాన సంఖ్యల వేట, ఇలా లూపులో తిరిగేవాటికి ఫ్లాగ్ చాలు. లూపు ప్రతి చుట్టులో, లేదా ప్రతి కొన్ని వేల చుట్లకు ఒకసారి, ఫ్లాగ్ చూసి బయటికి వచ్చేయడమే. దీనికన్నా గొప్పది వెతకొద్దు. ఎస్‌ఏ రీసెట్‌హ్యాండ్ కూడా పెడితే మొదటి నొక్కుకు ప్రోగ్రామ్ మర్యాదగా సర్దుకుంటుంది, యూజర్‌కు ఓపిక లేకపోతే రెండో నొక్కుతో అక్కడికక్కడే ఆగుతుంది. యూజర్ చేతిలో ఆ రెండో దారి ఎప్పుడూ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఒకే చోట ఎదురుచూసే ప్రోగ్రామ్

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. సిగ్నల్ ఫంక్షన్‌తో హ్యాండ్లర్ పెట్టారు, అందులో ఫ్లాగ్ మార్చారు, వైల్ లూపులో ఎఫ్‌గెట్స్ ఉంది. కంట్రోల్ సీ నొక్కితే స్క్రీన్ మీద గుర్తు కనిపిస్తుంది గానీ ప్రోగ్రామ్ కదలదు. ఎంటర్ నొక్కితే అప్పుడు ఆగుతుంది! కారణం పైన చెప్పిన బర్కిలీ పద్ధతే. హ్యాండ్లర్ నడిచింది, ఫ్లాగ్ మారింది, కానీ లోపలి రీడ్ కాల్ మళ్లీ మొదలై కూర్చుంది. సిగ్యాక్షన్‌లో ఎస్‌ఏ రీస్టార్ట్ పెట్టకుండా వదిలేస్తే రీడ్ మైనస్ 1 తో తిరిగి వస్తుంది, ఎర్నోలో ఈఇంటర్ (సిగ్నల్ వల్ల మధ్యలో ఆగింది అన్న కోడ్) ఉంటుంది, ఎఫ్‌గెట్స్ నల్ ఇస్తుంది. అప్పుడు ఫ్లాగ్ చూసుకోవచ్చు. ఆగకుండా చదవడం కొనసాగించాలనుకుంటే మాత్రం క్లియర్‌ఎర్ పిలిచి స్ట్రీమ్ మీది ఎర్రర్ గుర్తు తీసేయాలి.

దీనికి ఒక ధర ఉంది. ఎస్‌ఏ రీస్టార్ట్ లేనప్పుడు మీ కోడ్‌లోనే కాదు, మీరు లింక్ చేసిన లైబ్రరీల్లో కూడా చాలా సిస్టమ్ కాల్స్ ఈఇంటర్‌తో తిరిగి రావచ్చు. దాన్ని ఎర్రర్ అనుకునే లైబ్రరీ ఉంటే విచిత్రమైన ఫెయిల్యూర్లు వస్తాయి. చిన్న ప్రోగ్రామ్‌కు ఇది పెద్ద ఇబ్బంది కాదు, పెద్దదానికి అవుతుంది.

ఇంకో సన్నని సందు కూడా మిగులుతుంది. ఫ్లాగ్ సున్నా అని చూశారు, రీడ్‌లోకి వెళ్లబోతున్నారు, సరిగ్గా ఆ మధ్యలో సిగ్నల్ వచ్చింది. ఫ్లాగ్ ఒకటైంది, కానీ చూడటం అయిపోయింది. రీడ్ మాత్రం ఎవరూ ఆపకుండా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మనిషి ముందు కూర్చుని నడిపే టూల్ అయితే దీన్ని పట్టించుకోనక్కర్లేదు, మళ్లీ నొక్కుతాడు. ఎవరూ చూడని చోట నడిచే సర్వర్ అయితే ఈ సందును మూసి తీరాలి. దాన్ని మూయడానికే తర్వాతి పద్ధతులు పుట్టాయి.

ఈవెంట్ లూపులో నడిచే ప్రోగ్రామ్

పోల్, సెలెక్ట్, ఈపోల్‌తో చాలా సాకెట్లు చూసుకునే ప్రోగ్రామ్‌కు మూడు దారులున్నాయి. మూడూ సరైనవే, తేడా అంతా పక్క ప్రభావాల్లో ఉంది.

మొదటిది పీసెలెక్ట్, పీపోల్, లేదా ఈపోల్ పీవెయిట్. సిగ్‌ఇంట్‌ను ప్రోగ్రామ్ మొదట్లోనే బ్లాక్ చేసి (వచ్చినా అందకుండా ఆపి ఉంచి), ఎదురుచూసే కాల్‌కు మాత్రమే తెరిచిన మాస్క్ ఇస్తారు. తెరవడం, నిద్రపోవడం రెండూ ఒకే దెబ్బకు జరిగేలా కెర్నల్ చూసుకుంటుంది, కాబట్టి సందు ఉండదు. సిగ్నల్ ఆ కాల్ దగ్గర తప్ప ఇంకెక్కడా దూరదు, అందువల్ల మిగతా కోడ్‌కు ఈఇంటర్ బెడదా ఉండదు. ఉన్న పోల్ కాల్‌ను పీపోల్‌గా మారిస్తే చాలు. కోడ్ తక్కువ, అర్థం చేసుకోవడం తేలిక. పీసెలెక్ట్ చాలాకాలంగా యూనిక్స్ సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉంది, కానీ జీలిబ్‌సీలో 1024 డిస్క్రిప్టర్ల హద్దు ఉంది. పీపోల్ మాత్రం 2024 ప్రమాణంలోనే చేరింది, అది లేని సిస్టమ్‌ల కోసం రాస్తుంటే చూసుకోండి.

రెండోది సెల్ఫ్ పైప్. డీ జే బెర్న్‌స్టీన్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఉపాయం. ఒక పైపు తెరిచి, దాని చదివే కొనను కూడా సాకెట్లతో పాటు పోల్ జాబితాలో పెడతారు. హ్యాండ్లర్ రాసే కొనలోకి ఒక బైటు వేస్తుంది, అంతే. లూపుకు సిగ్నల్ కూడా ఇంకో ఇన్‌పుట్‌లా కనిపిస్తుంది. రెండు కొనలనూ నాన్ బ్లాకింగ్‌గా పెట్టాలి, లేకపోతే పైపు నిండితే హ్యాండ్లర్ అక్కడే ఇరుక్కుంటుంది. క్లోజ్ ఆన్ ఎగ్జెక్ (నడిపే వేరే ప్రోగ్రామ్‌కు ఆ పైపు వెళ్లకుండా ఆపే ఫ్లాగ్) కూడా పెట్టాలి. బైటు పైపులో నిలిచే ఉంటుంది కాబట్టి ఎస్‌ఏ రీస్టార్ట్ ధైర్యంగా పెట్టుకోవచ్చు, లైబ్రరీలు ప్రశాంతంగా ఉంటాయి. లిబ్‌యూవీ, లిబ్‌ఈవెంట్ లాంటి లైబ్రరీలు లోపల వాడేది ఈ కుటుంబపు పద్ధతే. లైనక్స్, మ్యాక్, బీఎస్‌డీ అన్నింటిలో ఒకే కోడ్ నడవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

మూడోది సిగ్నల్‌ఎఫ్‌డీ. లైనక్స్ 2.6.22 నుంచి ఉంది, లైనక్స్ బయట దీన్ని నమ్ముకోలేం. సిగ్నల్‌ను బ్లాక్ చేసి, దాన్ని ఒక ఫైల్ డిస్క్రిప్టర్‌గా మార్చుకుంటారు. దాని నుంచి రీడ్ చేస్తే ఏ సిగ్నల్, ఎవరు పంపారు అన్న వివరాలతో 128 బైట్ల స్ట్రక్చర్ వస్తుంది. హ్యాండ్లరే ఉండదు! ఏది పిలవొచ్చు, ఏది పిలవకూడదు అన్న టెన్షన్ ఉండదు, సిగ్నల్‌కు స్పందించే కోడ్ మామూలు కోడ్‌లా ప్రింట్‌ఎఫ్ పిలుచుకోవచ్చు. చూడ్డానికి అన్నింటికన్నా అందంగా ఉంటుంది.

కానీ దీనికీ, మొదటి పద్ధతికీ ఒక ఉమ్మడి లోపం ఉంది. బ్లాక్ చేసిన మాస్క్ ఫోర్క్‌నూ (కొత్త ప్రాసెస్ పుట్టించే కాల్) ఎగ్జెక్‌నూ (అందులో వేరే ప్రోగ్రామ్ ఎక్కించే కాల్) దాటుకుని చైల్డ్ ప్రాసెస్‌కు వారసత్వంగా వెళ్తుంది. మీ ప్రోగ్రామ్ సార్ట్ కమాండ్‌ను నడిపిందనుకోండి, ఆ సార్ట్‌కు సిగ్‌ఇంట్ బ్లాక్ అయి ఉంటుంది, కంట్రోల్ సీకి చావదు. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదు, వాళ్ల తప్పూ కాదు. ఫోర్క్‌కూ ఎగ్జెక్‌కూ మధ్య మాస్క్‌ను పాత స్థితికి తేవాలి, పోసిక్స్ స్పాన్ వాడితే దాని సెట్ సిగ్ మాస్క్ ఆప్షన్ ఇవ్వాలి. సెల్ఫ్ పైప్‌కు ఈ బాధ లేదు, ఎందుకంటే హ్యాండ్లర్‌తో పట్టుకున్న సిగ్నల్ ఎగ్జెక్ అవగానే డిఫాల్ట్‌కు వచ్చేస్తుంది. అందుకని నా లెక్క ఇది: ఈపోల్ మీద నడిచే, చైల్డ్ ప్రాసెస్‌లు పుట్టించని, లైనక్స్‌లోనే ఉండిపోయే సర్వర్‌కు సిగ్నల్‌ఎఫ్‌డీ. ఇతర ప్రోగ్రామ్‌లను నడిపేదానికి సెల్ఫ్ పైప్. చిన్న సర్వర్‌కు, ముఖ్యంగా నేర్చుకుంటున్నవాళ్లకు, పీపోల్.

థ్రెడ్లున్న ప్రోగ్రామ్

కంట్రోల్ సీ సిగ్నల్ ప్రాసెస్‌కు వస్తుంది, దాన్ని బ్లాక్ చేయని థ్రెడ్లలో ఏదో ఒకదానికి కెర్నల్ అప్పగిస్తుంది. ఏదన్నది మీ చేతిలో లేదు. కాబట్టి మెయిన్ మొదట్లో, ఒక్క థ్రెడ్ కూడా పుట్టకముందే, పీథ్రెడ్ సిగ్ మాస్క్‌తో బ్లాక్ చేయండి. తర్వాత పుట్టేవన్నీ అదే మాస్క్‌తో పుడతాయి. సిగ్నళ్ల కోసం ఒక థ్రెడ్ కేటాయించి అందులో సిగ్‌వెయిట్ పిలవండి. సిగ్నల్ అందాక అది మామూలు థ్రెడ్డే, మ్యూటెక్స్ పట్టుకోవచ్చు, కండిషన్ వేరియబుల్ మోగించవచ్చు, లాగ్ రాయవచ్చు. థ్రెడ్ల ప్రోగ్రామ్‌లో ఇంకే పద్ధతి గురించీ ఆలోచించాల్సిన పని నాకు కనిపించదు, మెయిన్ ఇప్పటికే ఈవెంట్ లూపులో ఉంటే తప్ప. చైల్డ్ ప్రాసెస్‌ల మాస్క్ జాగ్రత్త మాత్రం ఇక్కడా వర్తిస్తుంది.

మిగతావి, క్లుప్తంగా

ఫుల్ స్క్రీన్ ఎడిటర్ రాస్తుంటే టెర్మినల్ సెట్టింగుల్లో ఐసిగ్ తీసేయండి, కంట్రోల్ సీ మామూలు అక్షరంలా విలువ 3 తో మీ చేతికే వస్తుంది. బయటి నుంచి కిల్ కమాండ్‌తో వచ్చే సిగ్నళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. హ్యాండ్లర్‌లోంచి సిగ్‌లాంగ్‌జంప్‌తో దూకడం పాత షెల్ కోడ్‌లో కనిపిస్తుంది, కొత్త కోడ్‌లో వద్దు. మాలోక్ మధ్యలోంచి దూకేస్తే ఆ లాకు ఎవరు వదులుతారు? విండోస్‌లో కన్సోల్ ప్రోగ్రామ్‌లకు సెట్ కన్సోల్ కంట్రోల్ హ్యాండ్లర్ ఉంది. అక్కడ కంట్రోల్ సీ వస్తే హ్యాండ్లర్‌ను కొత్త థ్రెడ్‌లో నడుపుతారు, కాబట్టి దాన్ని సిగ్నల్‌లా కాక థ్రెడ్ సమస్యలా చూడాలి.

ఏది ఎంచుకున్నా సిగ్‌ఇంట్‌తో పాటు సిగ్‌టర్మ్‌ను కూడా అదే దారిలోకి తెండి. సిస్టమ్‌డీ, డాకర్ మామూలుగా పంపేది సిగ్‌టర్మ్‌నే. హ్యాండ్లర్ పెట్టేముందు సిగ్‌ఇంట్ అప్పటికే ఇగ్నోర్ అయి ఉందా అని చూడండి. షెల్ స్క్రిప్టులో చివర ఆంపర్సాండ్‌తో వెనక నడిపినవాటికి షెల్ అలా పెట్టే ఇస్తుంది, దాన్ని గౌరవించి వదిలేయడం మంచిది.

చివరిగా, సర్దుకోవడం అయ్యాక ఎలా బయటికి వెళ్లాలన్నది. చాలామంది ఎగ్జిట్ 0 లేదా 1 తో వెళ్తారు. మీ ప్రోగ్రామ్‌ను పిలిచిన బాష్ షెల్‌కు అప్పుడు అది సిగ్నల్‌ను తనే చూసుకుని మామూలుగా ముగిసినట్టు కనిపిస్తుంది. సరైన పద్ధతి: పని సర్దుకుని, సిగ్‌ఇంట్‌ను డిఫాల్ట్‌కు మార్చి, బ్లాక్ చేసి ఉంటే తీసేసి, రైజ్‌తో అదే సిగ్నల్‌ను మీకు మీరే పంపుకోండి. అప్పుడు షెల్ దాన్ని సిగ్నల్ వల్ల చచ్చిందని గుర్తించి స్టేటస్‌ను 130 గా, అంటే 128 కి సిగ్నల్ నంబరు 2 కలిపి చూపిస్తుంది. ఇది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడం తేలికే. మీ ప్రోగ్రామ్‌ను వంద ఫైళ్ల మీద వరుసగా నడిపే ఫర్ లూపును బాష్ స్క్రిప్టుగా రాసి నడిపించి, మధ్యలో ఒక్కసారి కంట్రోల్ సీ నొక్కండి. స్క్రిప్టంతా ఆగితే సరిగ్గా రాసినట్టే. ఒక్క ఫైలు వదిలేసి తర్వాతి ఫైలుకు వెళ్లిపోతుంటే, బయటికి వెళ్లే ఆ చివరి రెండు మూడు లైన్లు ఇంకా రాయాల్సి ఉంది.